భాద్రపదపు ఎండ దాటాక మా పెరడు

మృగశిర కార్తె వచ్చిందంటే ఎండాకాలం అయిపోయినట్టేనని క్యాలెండరు చెబుతుంది. మా కోనసీమలో పెరడు చూసుకునే ఆడవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు. నాలుగు చినుకులు పడి, కాలవకి నీళ్ళొదిలి, చేలో ఊడ్పులయ్యాక కూడా ఎండ పూర్తిగా వెళ్ళిపోదు. వానల చాటున ఉంటుంది. భాద్రపదంలో ముసురు విడిచిన రోజున మళ్ళీ బయటికొస్తుంది. గాలి ఆడదు, ఆకు కదలదు, కొబ్బరి చెట్టు నీడన కూర్చున్నా రవిక తడిసి ఒంటికి అంటుకుపోతుంది. పైన ఎండ, కింద తడి నేలలోంచి ఆవిరి. ఆ ఉక్క వినాయక చవితి దాటి మహాలయ పక్షాల దాకా సాగుతుంది. ఆ తర్వాత ఏదో ఒక తెల్లవారుజామున దొడ్డిగుమ్మం తలుపు తీసేసరికి పాదాలకి చల్లగా తగులుతుంది. ఏడాది మొత్తంలో నాకిష్టమైన కాలం అక్కడ మొదలై కార్తీక పౌర్ణమి దాకా ఉంటుంది.

సంక్రాంతి గురించి అందరూ రాస్తారు. వేసవి సెలవులూ, మామిడిపళ్ళూ, ఆవకాయ గురించి చెప్పనే అక్కర్లేదు. ఈ మధ్య రోజుల గురించి రాసేవాళ్ళు తక్కువ. పంట ఇంకా ఇంటికి రాదు, చుట్టాలు రారు, చేతిలో డబ్బు ఆడదు. పెరడు మాత్రం ఆ రోజుల్లోనే నిండుగా ఉంటుంది. అందుకే రాయాలనిపించింది.

మాది అంబాజీపేటకి సైకిలు మీద వెళ్ళొచ్చేంత దూరంలో ఉన్న ఊరు. తూర్పు ముఖం పెంకుటిల్లు. వెనకాల పెరడు, పెరటి చివర బోదె, బోదె అవతల కొబ్బరి తోట. నూతి పక్కన చేమదుంపలు. నీళ్ళు పారే దారి పొడుగునా కంద, ఒక్కో కాడ మీద గొడుగు విప్పినట్టు ఒక్కో ఆకు. గోడవారన అరటి: కూరకి బొంత, పండుకి చక్రకేళి, కర్పూరం. పశువుల పాక మీదికి ఆనప, గుమ్మడి పాకేవి. దక్షిణం వైపు పారిజాతం, నందివర్ధనం, ముద్దమందారం. మా ఇంట్లో ఏ నీళ్ళూ వృథాగా పోయేవి కావు. అంట్లు తోమిన నీళ్ళు కందకి, స్నానాల నీళ్ళు అరటికి, మిగిలిపోయిన పుల్లమజ్జిగ కరివేపాకుకి. కుడితి గేదెకి. ఎవరైనా చెయ్యి కడుక్కుంటూ పక్కకి నీళ్ళు ఒలకబోస్తే మామ్మ ఊరుకునేది కాదు. "ఆ గుక్కెడూ తులసమ్మకి పొయ్యకూడదూ?" అనేది.

మామ్మ మెట్ట ఊరి ఆడపిల్ల. జగ్గంపేట వైపు. పుట్టింట్లో వాన నీరూ చెరువు నీరూ తప్ప మరో నీరు ఎరగదు. అందుకే కార్తెలన్నీ ఆవిడకి నోటి మీదుండేవి. సెప్టెంబరు మధ్యకొచ్చేసరికి ఆకాశంకేసి చూసి "ఉత్తర చూసి ఎత్తర గంప" అనేది. ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు వదిలిపోవడమే మరి. తాతగారు నవ్వేవారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. మా వైపు రైతులు కాటన్ దొరని దేవుడి తర్వాత దేవుడిగా తలుచుకుంటారు. "దొర ఆనకట్ట కట్టి నూట ముప్పయ్యేళ్ళయింది, ఇంకా గంపలెత్తడమేంటే?" అనేవారాయన. మామ్మ తగ్గేది కాదు. "కాలవ మీ చేలోకొస్తుంది గానీ నా పాదులోకి రాదుగా" అనేది. ఆ మాటకి తాతగారి దగ్గర ఎప్పుడూ జవాబుండేది కాదు.

కాలవ నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. జులై, ఆగస్టు నెలల్లో గోదావరికి ఎర్రనీళ్ళొస్తాయి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అన్నీ తమ తమ మట్టి మోసుకొచ్చి కలుస్తాయి. ఆ నీళ్ళే మా కాలవలోకొచ్చేవి, ఆ కాలవ నీళ్ళే మేం తాగేవాళ్ళం. మామ్మ చిల్లగింజని గరుకు రాతి మీద నాలుగు చుక్కల నీళ్ళేసి అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపేది. తెల్లారేసరికి మట్టి అడుగుకి దిగి పైన నీళ్ళు తేటపడేవి. తేట వంచుకున్నాక అడుగున మిగిలిన ఒండ్రు పారబొయ్యడానికి వీల్లేదు. అది కనకాంబరాల మొదట్లోకి వెళ్ళాలి. "ఎక్కడెక్కడి సారమో మన గుమ్మంలోకొచ్చిందే అమ్మడూ" అనేది నాతో. మొదట్లో వేలు మందాన దిగే ఒండ్రు రోజులు గడిచేకొద్దీ పలచబడేది. దసరా వెళ్ళాక ఓ పొద్దున్న బిందె అడుగున ఏమీ ఉండేది కాదు. అప్పుడు చిల్లగింజ కడిగి, ఆరబెట్టి, వంటింటి గూట్లో పెట్టేసేది. శరత్తులో నీళ్ళు తేటపడతాయని తర్వాత పద్యాల్లో చదువుకున్నాను. మా ఇంట్లో దాన్ని బిందెలోకి తొంగి చూసి తెలుసుకునేవాళ్ళం.

ఎండ మారడం కూడా అంతే. మా ఊరు భూమధ్యరేఖకి సుమారు 16.5 డిగ్రీల ఉత్తరాన ఉంది. సూర్యుడు మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి సరిగ్గా మా నడినెత్తికొస్తాడు. ఆ రెండింటి నడుమ మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. ఆగస్టు దాటాక నీడ ఉత్తరానికి తిరిగి, రోజురోజుకీ పొడుగు సాగుతుంది. ఇదంతా నాకు హైస్కూల్లో గ్లోబు పెట్టి చెప్పారు. మామ్మకి మాత్రం దక్షిణపు వసారా చెప్పేది. నడి వేసవిలో ఆ వసారాలోకి మధ్యాహ్నం ఎండ వచ్చేదే కాదు. భాద్రపదంలో గచ్చు అంచు తాకేది, ఆశ్వయుజంలో లోపలికి జరిగేది. స్తంభం మొదలుదాకా ఎండ వచ్చిందంటే ఒడియాల చేటలు అక్కడికి మారేవి, ముసలాళ్ళ మంచమూ మారేది. "ఇంక చిక్కుడు మొగ్గ తొడుగుతుంది" అనేది మామ్మ. ఎండకీ చిక్కుడుకీ ఏమిటి సంబంధమని నాకు చాలాకాలం తెలియదు.

చిక్కుడు గింజ ఆషాఢంలో పెట్టేవాళ్ళం. సరుగుడు కర్రలు పాతి, పైన వెదురు బద్దలు కొబ్బరితాడుతో కట్టి పందిరి వేసేవారు నాన్న. శ్రావణమంతా తీగ పాకేది. భాద్రపదానికి పందిరి కనబడకుండా కమ్మేసేది. ఇంత పెరిగినా ఒక్క పువ్వు ఉండేది కాదు. చూసినవాళ్ళు "మీ చిక్కుడు గొడ్డుపోయిందండీ, పీకెయ్యండి" అనేవారు. మామ్మ పట్టించుకునేది కాదు. పొద్దు కుదించుకుంటే తప్ప నాటు చిక్కుడు పూతకి రాదు. అది రాత్రి ఎంత పొడుగుందో చూసుకుని పూసే తీగ. ఎంత ఎరువేసినా, ఎంత నీరు పోసినా పగలు తగ్గేదాకా కదలదు. ఇప్పుడు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు అర్క జయ్, అర్క విజయ్ అని పొద్దుతో నిమిత్తం లేకుండా కాసే పొట్టి రకాలు తెచ్చారు. పందిరి అక్కర్లేదు, మంచి రకాలే. అయినా నేను నాటు గింజే పెడతాను. ఆ ఎదురుచూపు లేకపోతే నాకు ఆశ్వయుజం వచ్చినట్టుండదు.

దసరా రోజుల్లో ఆకుల పైకి ఊదారంగు గెలలు నిక్కి కనబడేవి. ఒక్కో గెలకి కింద పూలు విచ్చి, పైన మొగ్గలు బిగిసి ఉండేవి. పూతతోపాటే పేనుబంకా వచ్చేది, లేత కొసల్ని నల్లగా పట్టేసేది. అప్పుడు మామ్మ పొయ్యిలో బూడిద జల్లెడ పట్టి, పలచటి గుడ్డలో మూటకట్టి నా చేతికిచ్చేది. మంచు ఆరకముందే వెళ్ళాలి, తడి ఉంటేనే బూడిద అంటుకుంటుంది. మూటని వేలితో మెల్లగా తడుతుంటే సన్నటి బూడిద కొసల మీద వాలేది. నా జుట్టు, కనురెప్పలు తెల్లబడేవి. కొబ్బరి దింపు ఆ రోజుల్లో పడిందంటే మామ్మ పందిరి పక్కనుంచి కదిలేది కాదు. చెట్టెక్కినాయన పైనుంచి "కాయలు అటేపు పడతయ్యండీ, పందిరి జోలికి రావండీ, మీరు మాత్రం పక్కకి రండమ్మగారూ" అని కేకేసేవాడు. ఆవిడ వచ్చేది కాదు. పాపం, అతను ఒక్కొక్క కాయా దూరంగా విసిరి కొట్టేవాడు.

వినాయక చవితి దాకా పెరట్లో కలుపు తియ్యనిచ్చేది కాదు మామ్మ. బోదె గట్టున ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, విష్ణుక్రాంత, గరిక అలాగే పెరగాలి. 21 పత్రిలో సగానికి పైగా మా పెరట్లోనే దొరికేవి. మామిడి, తులసి, దానిమ్మ, మరువం, జాజి, గన్నేరు, మారేడు ఎలాగూ ఉండేవి. దేవదారు, మాచీపత్రి మాత్రం బజారు నుంచి రావాలి. పాలవెల్లికి జామకాయలు, సీతాఫలం, పంపర పనస. ఆ పంపర పనస వలిచాక లావుపాటి తొక్క డొప్పల కోసం మా అన్నదమ్ముల మధ్య యుద్ధమే. వినాయకుణ్ణి నిమజ్జనం చేసి వచ్చిన మర్నాడు కొడవలి పట్టుకుని గట్టంతా శుభ్రం చేసేవాళ్ళం. పెరటికి ఎండ బాగా తగిలేది. బంతి నారు, వంగ నారు పోసేది అప్పుడే.

ఇక పారిజాతం. దీన్ని గురించి తొందరగా చెప్పి వెళ్ళిపోలేను.

మా చెట్టు వయసు ఇంట్లో ఎవరికీ తెలియదు. శ్రావణంలో అక్కడక్కడ పూసి, భాద్రపదంలో ఊపందుకుని, ఆశ్వయుజంలో ఒళ్ళంతా పూసేది. దీపాలవేళ మొగ్గలు విచ్చడం మొదలవుతుంది. రాత్రి భోజనాలయ్యేసరికి వాసన పెరడు దాటి వీధి గుమ్మందాకా వచ్చేది. తెల్లవారితే పూలన్నీ నేల మీద ఉంటాయి. నేల రాలిన పువ్వు దేవుడికి పెట్టకూడదంటారు, పారిజాతానికొక్కదానికే ఆ పట్టింపు లేదు. పైగా కొమ్మనుంచి కొయ్యకూడదు, తానుగా రాలినవే ఏరుకోవాలి. అందుకని మామ్మ సాయంత్రమే చెట్టు కింద పేడతో అలికి, చుట్టూ ముగ్గుపిండితో గీత గీసేది. గీత లోపల చెప్పులతో వెళ్ళకూడదు. పొద్దున్నే సజ్జ పట్టుకుని మేం వెళ్ళేవాళ్ళం. పువ్వుని కాడ దగ్గరే పట్టుకోవాలి. రేకు పట్టుకుంటే వేలి వేడికే కమిలి గోధుమరంగుకి తిరుగుతుంది. రేకులు ఒకదానికి ఐదుంటే ఇంకోదానికి ఏడుండేవి. ఎవరి పువ్వుకి ఎక్కువ రేకులున్నాయో వెతుక్కుంటూ ఏరడం మానేస్తే మామ్మ లోపల్నించి "పూజ వేళయిందే" అని అరిచేది.

పూజ అయిన పూలు కూడా పారెయ్యలేదు ఆవిడ. కాడలు తుంచి, నీడన ఆరబెట్టి డబ్బాలో దాచేది. సరిపడా పోగయ్యాక చిన్న సత్తు గిన్నెలో నీళ్ళు పోసి మరిగించేది. నీళ్ళు నారింజరంగుకి తిరిగేవి. పాత మల్లుగుడ్డ ముక్క ముంచితే పసుపుకీ కాషాయానికీ మధ్య ఒక రంగు పట్టేది. ఆ గుడ్డ నా కొయ్యబొమ్మకి చీర. "ఎండలో ఆరెయ్యకే, ఆ రంగు ఎండకి ఆగదు" అని గుడ్డని వసారాలో నీడన దండెం మీద వేసేది. ఒక చెట్టు పూసి, రాలి, పూజకెక్కి, చివరికి బొమ్మకి చీర కట్టింది. ఆ చీర ముక్క చాలా ఏళ్ళు నా పెట్టెలో ఉంది.

దసరా వెళ్ళాక గాలి తూర్పుకి తిరిగేది. నైరుతి రుతుపవనాలు వెనక్కి తగ్గి, ఈశాన్య గాలి మొదలయ్యే రోజులవి. పగటిపూట తూనీగలు గుంపులుగా పెరడంతా ఎగిరేవి. కొబ్బరి మట్టల కొసలకి వేలాడే గిజిగాడి గూళ్ళు ఖాళీ అయిపోయి, గాలికి తెగి కిందపడేవి. ఒకసారి ఒక గూడు విప్పి చూశాను. వరి ఆకు చీలికలు, కొబ్బరి ఆకు పోగులు, లోపలివైపు ఆరిన బంకమట్టి. ఎక్కడా ముడి పట్టుకుని లాగితే ఊడేది కాదు. నాన్న దాన్ని వసారాలో మేకుకి తగిలించారు. చేలల్లో సార్వా వరి ఈనిక మీద ఉండేది. గాలి అటునుంచి వీస్తే పాలుపోసుకునే వెన్నుల వాసన పెరట్లోకి వచ్చేది. సీతాఫలాలు కళ్ళు విచ్చేవి. కళ్ళ మధ్య గీత తెల్లబడిన కాయని కోసి బియ్యపు డబ్బాలో పెట్టడం మా అక్క పని, దాన్ని మర్నాడే తీసి నొక్కి చూడడం నా పని.

అట్లతద్దికి ఆడపిల్లల రాజ్యం. ముందురోజే గోరింట చెట్టు సగం బోసిపోయేది. చుట్టుపక్కల పిల్లలందరూ మా పెరటికే వచ్చేవాళ్ళు, మా అత్తయ్య రోట్లో వేసి చింతపండుతో మెత్తగా నూరిపెట్టేది. తెల్లవారుజామున నక్షత్రాలుండగానే లేపి అన్నం పెట్టేవాళ్ళు: పెరట్లో గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డ పెరుగు. తిన్నాక మామిడికొమ్మకి కట్టిన ఉయ్యాల దగ్గరికి పరుగు. చీకట్లో గరిక మీద కాలు పెడితే తడి. ఊగుతూ పైకి వెళ్ళినప్పుడు కొబ్బరాకుల సందుల్లోంచి తూర్పు తెల్లబడడం కనబడేది. ఆ వేళకి లేచి పెరట్లో ఉండడానికి పెద్దవాళ్ళ అనుమతి దొరికేది ఏడాదికి ఆ ఒక్కసారే.

గోంగూర కోసుకున్నన్నాళ్ళు కోసుకుని తర్వాత మొక్కల్ని వదిలేసేవాళ్ళం. అవి మనిషెత్తు పెరిగేవి. దీపావళి నాటికి ఆ గోగు కర్రలు కోసి, ఆరిన వాటి కొసకి నూనెలో తడిపిన గుడ్డ చుట్టి దివిటీలు కట్టించేవారు తాతగారు. చీకటి పడగానే వీధి గుమ్మం ముందు పిల్లలందరం దివిటీలు వెలిగించి, తిప్పి, నేలకి కొట్టి, వెనక్కి చూడకుండా లోపలికొచ్చి కాళ్ళు కడుక్కుని తీపి తినాలి. ఆ రోజుల్లోనే దీపం పెడితే చాలు, పచ్చటి సన్నపురుగులు గుంపులుగా వచ్చి వాలేవి. వరి చేలల్లో పెరిగిన పచ్చదోమ అది. కంచంలో పడకుండా లాంతరుని దూరంగా పెట్టి తినేవాళ్ళం. పక్కింటివాళ్ళు విసుక్కునేవారు గానీ మామ్మ "చేను బావుందన్నమాట" అనేది.

1996 నవంబరు 6 గురించి చెప్పకుండా ఈ కాలం గురించి రాయడం మా వాళ్ళెవరికీ సాధ్యం కాదు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. గోగు కర్రలు కోసి అటక మీద పెట్టి ఉన్నాయి. వాయుగుండం అన్నారు రేడియోలో, అలాంటివి ఏటా వింటూనే ఉంటాం. చీకటి పడ్డాక గాలి పెరిగింది. పెంకులు లేచిపోవడం మొదలయ్యాక అందరం నడిమింటి గదిలో చేరాం. బయట కొబ్బరి చెట్లు విరుగుతున్న చప్పుడు ఒకదాని తర్వాత ఒకటి వినబడుతూనే ఉంది. నాన్న ఒక్కో చప్పుడికీ అది ఏ వైపు చెట్టో చెబుతూ కూర్చున్నారు. కాసేపటికి చెప్పడం మానేశారు.

తెల్లారి దొడ్డిగుమ్మం తీస్తే బోదె అవతల తోట లేదు, ఆకాశం ఉంది. కొన్ని చెట్లు నడిమికి విరిగాయి, కొన్ని వేళ్ళతో లేచాయి, నిలబడ్డవాటికి తల లేదు. చిక్కుడు పందిరి ఎక్కడికి పోయిందో తెలియలేదు. పారిజాతం మొదలు చీలి గోడ మీదికి ఒరిగింది. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. సముద్రం ఒడ్డు ఊళ్ళలో, వేటకెళ్ళి తిరిగిరాని ఇళ్ళలో ఉన్న దుఃఖం ముందు మా చెట్ల నష్టం నష్టమే కాదని నాన్న అదే రోజు అన్నారు. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

నేను చెప్పదలుచుకున్నది ఆ తర్వాతి సంగతి. పెరటి పడమటి సగం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నీడే. కొబ్బరి నీడలో చేమ, కంద, తమలపాకు తప్ప మరేదీ వచ్చేది కాదు. ఇప్పుడు పొద్దున్న నుంచి సాయంత్రందాకా అక్కడ ఎండ. మామ్మ అప్పటికే నడుం వంగి కర్ర పట్టుకుని తిరుగుతోంది. మొద్దులు తీసే పని ఒకవైపు నడుస్తుంటే ఆవిడ ఆ ఎండ పడే నేలకేసి రెండు మూడు రోజులు చూసింది. "ఈ మట్టికి ఎండ తగలక ఎన్నేళ్ళయిందో, ఊరికే వదలకూడదు" అని నాన్నతో తవ్వించింది. ధనియాలు నలిపి చల్లింది. మెంతులు, తోటకూర, పాలకూర, ముల్లంగి. చుట్టూ బంతి. కార్తీకం సగం గడిచేసరికి ఆ ముక్కంతా పచ్చబడింది. ఊళ్ళో కూరగాయల బండి సరిగ్గా రాని రోజులవి. పొద్దున్నే చుట్టుపక్కల ఆడవాళ్ళు చేటలు పట్టుకొచ్చేవారు, మామ్మ పీట వేసుకు కూర్చుని ఎవరికెంతో కోసి పెట్టేది. "డబ్బులు వద్దు, గింజలు పట్టాక మీ గింజలు నాకు తెచ్చివ్వండి" అనేది. తర్వాతి ఏడాది ఎవరెవరి ఇళ్ళ నుంచో గింజల పొట్లాలు వచ్చాయి.

కొబ్బరి మొక్కలు మళ్ళీ పెట్టాం. మా నాటు పొడుగు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఎండ ముక్క కూడా మెల్లగా మళ్ళీ నీడలోకి వెళ్ళిపోయింది. అప్పటికి మామ్మ లేదు. పారిజాతం మాత్రం చీలిన మొదలు కోసేశాక పక్కనుంచి చిగిర్చింది.

ఇప్పుడు పెరడు రెండు వాటాలయింది. బాబాయి వాళ్ళ వైపు మేడ లేచింది. నుయ్యీ పారిజాతమూ మా వైపు ఉండిపోయాయి, అది నా అదృష్టం. తాగే నీళ్ళు డబ్బాల్లో వస్తున్నాయి, చిల్లగింజ గూట్లోనే ఉంది. కొబ్బరికి కొన్నేళ్ళుగా తెల్లదోమ పట్టింది. అది కార్చే జిగురు కిందనున్న మొక్కల మీద పడి, దాని మీద నల్లటి మసి బూజు పేరుకుంటోంది. అరటాకుల్లో భోంచెయ్యాలంటే ఒకటికి రెండుసార్లు కడగాల్సి వస్తోంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు మందులు కొట్టొద్దంటున్నారు. మిత్రపురుగులనీ, దోమని చంపే శిలీంధ్రాన్నీ పెంచుతున్నారు. ఓపిక పట్టాలి. గట్టి వాన పడ్డప్పుడు మసి కొంత కడుక్కుపోయి చెట్లు తేలిగ్గా కనబడతాయి. అలాంటి వాన మొన్న చిత్త కార్తెలో పడింది.

బూడిద మూట ఇప్పటికీ కడుతున్నాను. కట్టెల పొయ్యి లేదు, పక్క వీధిలో ఫలహారాల బండి ఆవిడ బూడిద దాచి ఇస్తుంది. బదులుగా కరివేపాకు పట్టుకెళ్తుంది. చిక్కుడు గింజలు మామ్మ ఇచ్చిన వరసలోవే. ఏటా చివరి కాపులో లావుపాటి కాయలు నాలుగు గెలలు వదిలేసి, తీగ మీదే ఎండనిచ్చి, బూడిద కలిపి సీసాలో పోస్తాను. మా మేనకోడలు కిందటేడు ఆ గింజలు విశాఖపట్నం పట్టుకెళ్ళి డాబా మీద తొట్టెలో పెట్టింది. ఆగస్టులో ఫోను చేసి "అత్తా, ఆకులే గానీ పువ్వు లేదు, పీకెయ్యనా?" అంది. ఆగమన్నాను. అక్టోబరులో ఫోటో పంపింది.

ఈ ఏడు ఇంకో విశేషం ఉంది. నాన్న పోయే ముందు కడియం నర్సరీ నుంచి తెచ్చి పెట్టిన ఉసిరి మొక్క మొదటిసారి కాపు పట్టింది. ఇన్నాళ్ళూ క్షీరాబ్ది ద్వాదశికి తులసి కోటలో పెట్టడానికి ఉసిరి కొమ్మ పొరుగువాళ్ళని అడిగి తెచ్చుకునేవాళ్ళం. ఈసారి మా కొమ్మే. బాబాయి పిల్లలు హైదరాబాదు నుంచి వస్తామన్నారు, మేనకోడలూ వస్తుంది. ఉసిరి కింద చాపలు వేసి భోజనాలు పెట్టాలని ఉంది. బొంత గెల ఒకటి దింపడానికి సిద్ధంగా ఉంది, బచ్చలి తీగ కంచె నిండా ఉంది, దబ్బకాయలు రంగు తిరుగుతున్నాయి. వచ్చేవాళ్ళందరూ కంద బచ్చలి కూరే అడుగుతారు, నాకు తెలుసు. కంద ఆకులు ఇప్పుడిప్పుడే పసుపు తిరుగుతున్నాయి. అవి వడిలి కింద పడిపోయేదాకా దుంప తవ్వను. అందుకని ఆ పూటకి కంద అంబాజీపేటలో కొంటాను, పెరట్లోది మార్గశిరం దాటాక వచ్చినవాళ్ళకి.